గూన పెంకుటిల్లు, సీలింగ్ లేదు: పడుకునే గదిని తక్కువ ఖర్చుతో వెచ్చగా ఉంచడం ఎట్ల?

చలి_సిర్పూర్ | నవంబర్ 28, రాత్రి 8:40

ఇల్లు ఆసిఫాబాద్ జిల్లా సిర్పూర్ (యు) దిక్కు. 18 అంగుళాల మట్టిగోడలు, లోపల బయట సున్నం. పైన గూన, దాని కింద వెదురు బద్దలు, టేకు వాసాలు. సీలింగ్ లేదు. పండుకుని పైకి చూస్తే గూన సందుల్ల చుక్కలు కనబడతయ్. పడుకునే గది 10×12 అడుగులు, గోడ ఎత్తు 9, మొగరం (కప్పు కొన) కాడ 14. దక్షిణం దిక్కు 4×3 కిటికీ, చెక్క రెక్కలే, అద్దం లేదు. తూర్పుకు పలకల దర్వాజ. కింద షాబాదు బండ.

తెల్లారుజామున బయట 6 డిగ్రీలుంటే గదిలో 9 చూపిస్తుంది. 2000 వాట్ల హీటర్ పెడితే ముందట కూర్చున్నోళ్ళకే కాక తగులుతుంది, మంచం మీదికి రాదు. ఇద్దరు పెద్దోళ్ళు, ఇద్దరు పిల్లలు ఆ గదిలనే పడుకుంటరు. స్లాబు వేసే మాట లేదు. 20 వేలల్ల ఏమన్న చేయొచ్చా? గోడలకు లోపలి నుంచి థర్మాకోల్ కొట్టమని ఒకరు, ఇంకో హీటర్ కొనమని ఒకరు చెప్తున్నరు.

మొగరం | నవంబర్ 28, రాత్రి 9:15

గోడల జోలికి పోకండి. ఆ ఇంట్లో బాగున్నవి అవే.

ముందు ఒక పని చేయండి. తెల్లారి 5 గంటలకు దర్వాజ, కిటికీ మూసి, ఫ్యాను ఆపి, నాలుగు అగరుబత్తులు ఒక్కచోట ముట్టించండి. దర్వాజ కింది సందు కాడ, రెండు రెక్కలు కలిసే కాడ, కిటికీ చుట్టూ, గోడకు గూనకు మధ్య చూరు కాడ, గది నడిమధ్య పట్టి చూడండి. పొగ ఎటు పోతుందో సుద్దముక్కతో గుర్తు పెట్టుకోండి. సీలింగ్ లేని గూన ఇంట్లో సాధారణంగా కనిపించేది ఒకటే: దర్వాజ కింద పొగ లోపలికి కొట్టుకొస్తుంది, నడిమధ్యలో నిటారుగా లేచి గూనలోంచి బయటికి పోతుంది. అంటే గది మొత్తం ఒక పొగగొట్టం. హీటర్ పెంచితే లోపలి గాలి తేలికై ఇంకా జోరుగా పైకి లేస్తుంది, అంతే జోరుగా కింది నుంచి చల్లగాలి వస్తుంది. మంచం దాకా కాక రాకపోవడానికి అదే కారణం.

లెక్కల_పలక | నవంబర్ 28, రాత్రి 10:32

పై మాటకు అంకెలు కలుపుతున్నా. లోపలికి బయటికి 1 డిగ్రీ తేడా ఉంటే ఎన్ని వాట్ల వేడి బయటికి పోతుందో చూద్దాం.

ఇప్పుడున్న తీరు: గాలి పరిమాణం మొగరం దాకా కలిపి సుమారు 39 ఘనమీటర్లు. గంటకు 8 సార్లు గాలి మారుతుందనుకుంటే 39 × 8 × 0.33 (ఒక ఘనమీటరు గాలి మోసే వేడి లెక్క) = 103 వాట్లు. గూన కప్పు వాలుమీద 13 చదరపు మీటర్లు, చదరపు మీటరుకు 4.5 చొప్పున దగ్గర దగ్గర 60. బయటివైపు ఉన్న రెండు గోడలు 15 చదరపు మీటర్లు, 18 అంగుళాల మట్టిగోడకు 1.3 చొప్పున 20. కిటికీ, దర్వాజ కలిపి 10. మొత్తం 193.

9 అడుగుల ఎత్తులో 50 మిల్లీమీటర్ల థర్మాకోల్‌తో సీలింగ్ వేసి, సందులు మూస్తే: గాలి 30.6 ఘనమీటర్లు, గంటకు 1.5 సార్లు, 15 వాట్లు. సీలింగ్ 8. గోడలు అవే 20. కిటికీ, దర్వాజ 10. మొత్తం 53.

బయట 6, లోపల 18 కావాలంటే ఇప్పుడు 2300 వాట్లు కావాలి. పని అయ్యాక 640 చాలు. పడుకున్న మనిషి ఒంటి నుంచి 70 వాట్ల దాకా వేడి వస్తుంది. నలుగురికి 280. అంటే హీటర్ లేకుండానే 5 డిగ్రీలు పెరుగుతుంది, పగలు గోడలు తాగిన వేడి దానికి అదనం.

గోడలకు థర్మాకోల్ కొడితే తగ్గేది ఆ 20లో ఒక 13, 14. 193లో అది ఎంత!

టైల్స్_కావాలి | నవంబర్ 28, రాత్రి 10:50

8 సార్లు అన్న అంకె ఎక్కడిది సార్? కొలిచినట్టు రాశారు.

లెక్కల_పలక | నవంబర్ 28, రాత్రి 11:04

కొలవలేదు, అంచనానే. చుక్కలు కనబడే కప్పుకు, గాలి వీచే రాత్రి అది ఎక్కువేం కాదు. మీరు సగం చేసి 4 పెట్టండి. మొత్తం 141 వస్తుంది, అందులో గాలీ కప్పూ కలిపి 111. వరస మారదు.

మొగరం | నవంబర్ 29, ఉదయం 6:20

చాలామంది డబ్బు పాడుచేసుకునేది ఇక్కడే, కాబట్టి జాగ్రత్తగా చదవండి. చూరు సందు మూయాలా, సీలింగ్ వేయాలా? రెండూ కాదు, ఏదో ఒకటి.

సీలింగ్ వేస్తే చూరు మూయొద్దు. గూన తడిసి ఆరే వస్తువు. కింద గాలి ఆడకపోతే బద్దలు, వాసాల కొసలు చెమ్మ పట్టి, రెండు వానాకాలాల్లో చెదలు ఎక్కుతాయి. ఎండాకాలం అటకలో పేరుకున్న సెగ బయటికి పోవడానికి కూడా ఆ సందే దారి. అక్కడ పావు అంగుళం కన్ను ఉన్న జీఐ జాలీ కొట్టి వదిలేయండి, ఎలుకలు, ఉడతలు రాకుండా. మూయాల్సింది సీలింగ్‌కూ గోడకూ మధ్య అంచు.

సీలింగ్ వేసే స్తోమత ఈ ఏడు లేదంటేనే చూరు మూయాలి. ఆ పనికి సిమెంటు వాడకండి. మట్టిగోడ నెత్తిన సిమెంటు ముద్ద పట్టదు, వాసం కదిలినప్పుడల్లా పగుళ్ళు వస్తాయి. ఎర్రమన్ను జల్లించి, 1 నుంచి 2 అంగుళాల వరిగడ్డి ముక్కలు బాగా కలిపి, నీళ్ళు పోసి మూడు నాలుగు రోజులు మాగబెట్టి, తొక్కి, ముద్దలుగా కూరాలి. నల్లరేగడి అస్సలు వద్దు. మన జిల్లాలో చేతికి ముందు దొరికేది అదే గాని, ఎండితే వేలు దూరేంత పగులుతుంది. ముద్దను వాసం చుట్టూ పూర్తిగా పూడ్చకండి. చెక్కకు మట్టికి మధ్య పాత గోనెపట్టా ఒక మడత పెట్టండి. ఒక పూత ఎండాక పడే వెంట్రుక పగుళ్ళకు పేడ, సన్నమట్టి కలిపి అలకాలి.

చలి_సిర్పూర్ | నవంబర్ 29, ఉదయం 7:45

అగరుబత్తి పెట్టి చూసిన. మొగరం అన్న చెప్పినట్టే ఉంది. దర్వాజ కింద వేలు మందం సందు. సీలింగ్‌కే పోదామనుకుంటున్న. ఏం వేయాలె? పీవీసీ ప్యానెల్స్ వేస్తే చాలంటున్నరు.

సుత్తి_శానం | నవంబర్ 29, మధ్యాహ్నం 1:10

పీవీసీ ప్యానెల్ ఒక్కటే వేస్తే గాలి ఆగుతుంది, చలి ఆగదు. లోపల బోలుగా ఉండే పల్చటి పట్టీ అది. గాలి ఆగడం కూడా తక్కువేం కాదు గాని, అదే చట్రం మీద థర్మాకోల్ పరిస్తే అసలు లాభం వస్తుంది.

మీ గదికి సామాను చెప్తా. చట్రానికి 2×2 అంగుళాల కర్రలు. 10 అడుగుల వైపుగా, 2 అడుగులకొకటి చొప్పున 7 కర్రలు, అంటే 70 అడుగులు. 12 అడుగుల గోడల వెంట రెండు పట్టీలు, 24 అడుగులు. ప్లైవుడ్ అతుకు పడే చోట అడ్డంగా ముక్కలు, 12 అడుగులు. మొత్తం 106, నరుకుడు కలుపుకుని 115 కొనండి. టేకు పాత కర్ర దొరికితే మేలు. కొత్త నాటు కర్ర అయితే చెదల మందు పూసి, రెండు రోజులు నీడలో ఆరాకే ఎక్కించండి.

10 అడుగులకు 2×2 కర్ర నడుం వంగుతుంది. ఒక్కో కర్రకు నడిమధ్యన 14 గేజీ జీఐ తీగతో పై దూలానికి వేలాడదీయాలి. బద్దలకు కట్టకండి. వాసానికో దూలానికో మాత్రమే.

కింద ముఖానికి 4 మిల్లీమీటర్ల ప్లైవుడ్. 8×4 షీట్లు సరిగ్గా 4 పడతాయి: మూడు నిలువుగా వేస్తే 8×12 అవుతుంది. మిగిలిన 2×12 పట్టీకి నాలుగో షీటును 2×4 ముక్కలుగా కోయాలి. మూడు వాడాక ఒక ముక్క మిగులుతుంది. అది వైరు దారికో, అటక మూతకో పనికొస్తుంది.

కర్రల పైన థర్మాకోల్. 50 మిల్లీమీటర్ల షీటు ఒక్క పొర కంటే 25 మిల్లీమీటర్లవి రెండు పొరలు వేయండి. మొదటి పొర అతుకు మీద రెండో పొర నడుం పడాలి, ఇటుక కట్టుబడిలాగా. మీటరుకు అర మీటరు షీటైతే పొరకు 23, రెండు పొరలకు 46, విరుగుడుతో 50 తెచ్చుకోండి. టీవీ డబ్బాలో వచ్చే రకం కాదు, ఘనమీటరుకు 20 కిలోల సాంద్రత ఉన్నది అడగండి. భారత ప్రమాణం ఐఎస్ 4671 ప్రకారం చేసింది, మంట త్వరగా అంటుకోని రకం ఉంటే అదే తీసుకోండి. వేలితో నొక్కితే గుంట పడేది వద్దు.

బరువు సంగతి: ప్లైవుడ్ చదరపు మీటరుకు రెండున్నర కిలోలు. గదికి 28 కిలోలు. థర్మాకోల్ 11 కిలోలు. జిప్సం బోర్డు పెడితే ఒక్క బోర్డే 90 కిలోలు దాటుతుంది. అరవై ఏళ్ళ దూలం మోస్తుందో లేదో చూడకుండా జిప్సం వేలాడదీయకూడదు.

లెక్కల_పలక | నవంబర్ 29, మధ్యాహ్నం 2:05

సుత్తి గారు చెప్పిన దాంట్లో ఒక మెలిక ఉంది. ప్లైవుడ్‌కూ థర్మాకోల్‌కూ మధ్య 2 అంగుళాల ఖాళీ వస్తుంది. గోడ అంచు దగ్గర ఆ ఖాళీలోకి అటక గాలి దూరితే పైన ఎంత మందం పరిచినా దండగ. దుప్పటి కప్పుకుని కింద ఫ్యాను పెట్టుకున్నట్టు. అందుకే థర్మాకోల్ అంచు గోడకు ఆనే చోట నాలుగు వైపులా మూసెయ్యాలి. 1 నుంచి 3 సెంటీమీటర్ల సందైతే 750 మిల్లీలీటర్ల పీయూ ఫోమ్ (కొట్టగానే ఉబ్బి గట్టిపడే నురుగు) డబ్బా ఒకటి రెండు చాలు. గోడ మీద కాస్త నీళ్ళు చిలకరించి కొట్టాలి, పొడి మట్టిని ఫోమ్ పట్టుకోదు. అంతకంటే పెద్ద సందైతే మట్టిముద్దే మేలు, ఎలుక ఫోమ్‌ను కొరికేస్తుంది.

పవర్_కట్ | నవంబర్ 29, సాయంత్రం 6:30

థర్మాకోల్ ఎక్కించే ముందు వైర్లు చూసుకోండి. పీవీసీ తొడుగు ఉన్న వైరు థర్మాకోల్‌కు నేరుగా తగులుతూ ఉంటే కొన్నేళ్ళకు తొడుగులోని మెత్తదనం ఇచ్చే నూనె థర్మాకోల్‌లోకి దిగిపోతుంది. తొడుగు గట్టిబడి చిట్లుతుంది, థర్మాకోల్ కరిగినట్టు గుంట పడుతుంది. ప్రతి వైరూ పైపులోనే పోవాలి. చెక్కపట్టీల మీద కొట్టిన పాత అల్యూమినియం వైరింగ్ ఉంటే సీలింగ్ మూశాక దాన్ని చూసే దారి ఉండదు, ఇప్పుడే మార్చండి. బల్బు హోల్డరు సీలింగ్‌లో పూడ్చకండి, గోడకు దించండి.

ఇక హీటర్. 2000 వాట్లు అంటే 230 వోల్టుల దగ్గర 8.7 ఆంపియర్లు. 6 ఆంపియర్ల సాకెట్‌కు, ఎక్స్‌టెన్షన్ బోర్డుకు అది తగదు. 16 ఆంపియర్ల సాకెట్, దానికి విడిగా 2.5 చదరపు మిల్లీమీటర్లకు తగ్గని రాగి వైరు, సొంత ఎంసీబీ (లోడు మించితే తనే ఆగిపోయే స్విచ్చి), ఎర్త్ ఉండాలి. ప్లగ్గు పట్టుకుంటే వెచ్చగా తగిలితే సాకెట్ పట్టు వదిలిందని అర్థం, ఆ రోజే మార్చాలి. పనంతా అయ్యాక 1000 వాట్ల మీద నడిస్తే చాలు. ఆయిల్ హీటర్ తక్కువ కరెంటు తింటుందన్నది అపోహ. 1000 వాట్లు ఏ రూపంలో కాలినా గంటకు ఒక యూనిట్టే. కాకపోతే దాని ఒంటి వేడి తక్కువ కాబట్టి పిల్లలున్న గదికి భద్రం.

పాడేరు_మంచు | నవంబర్ 29, రాత్రి 8:55

మా వైపు, లంబసింగి, చింతపల్లి, మినుములూరు దగ్గర పాత ఇళ్ళలో వెదురు తడక మీద మట్టి వేసిన అటక ఉంటుందండీ. థర్మాకోల్ అక్కర్లేదు, మట్టి చాలు అంటారు పెద్దవాళ్ళు.

మొగరం | నవంబర్ 29, రాత్రి 9:20

పెద్దవాళ్ళ మాట సగం నిజం. మట్టి అటక గాలిని పూర్తిగా ఆపుతుంది, నిప్పుకు భయపడదు, వేడిని దాచుకుంటుంది. అడ్డుకోవడంలో మాత్రం బలహీనం. అంగుళం మట్టి చదరపు మీటరుకు 40 కిలోల పైనే తూగుతుంది, 10×12 గదికి దగ్గర దగ్గర 470 కిలోలు. దూలాలు దానికోసమే వేసిన ఇంట్లో సరే, లేని ఇంట్లో కొత్తగా ఎక్కించకూడదు.

తడక ఉన్నవాళ్ళకు మంచి దారి ఇంకోటి ఉంది. తడక మీద సన్నగా, అర అంగుళం మట్టిపేడ అలికి ఆరబెట్టి, దాని మీద రైస్‌మిల్లు ఊక 4 అంగుళాల మందం పోయండి. పొడి ఊక అడ్డుకునే శక్తి థర్మాకోల్‌కు కొంచెమే తక్కువ, మందం రెండింతలు కాబట్టి ఫలితం ఇంకా ఎక్కువ. 10×12 గదికి ఒక ఘనమీటరు పైచిలుకు, 120 కిలోల వరకు. పోసే ముందు జల్లించి తవుడు, నూకలు తీసేయాలి. అవి మిగిలితే పురుగు, దాని వెనక ఎలుక. పొడి సున్నం కలిపితే పురుగు పట్టదు. గూన కారితే మాత్రం తడి ఊక ముద్దై కుళ్ళుతుంది, అందుకని కప్పు కారే ఇంట్లో ఇది వద్దు.

రేకుల_షెడ్డు | నవంబర్ 29, రాత్రి 9:48

మాది జీఐ రేకుల ఇల్లు. అల్యూమినియం ఫాయిల్ బబుల్ షీటు కొట్టిస్తే సరిపోతుందా? తెల్లారుజామున రేకు నుంచి మంచం మీద బొట్లు పడుతున్నాయి.

లెక్కల_పలక | నవంబర్ 29, రాత్రి 10:15

ఫాయిల్ ఎండకు చేసినంత పని చలికి చేయదు. ఎండాకాలం వేడి పైనుంచి కిందికి ఎక్కువగా కిరణాల రూపంలో దిగుతుంది, దాన్ని ఫాయిల్ తిప్పికొడుతుంది. చలికాలం వేడి కింది నుంచి గాలితో కలిసి లేస్తుంది, ఆ గాలిని ఫాయిల్ మెరుపు ఆపలేదు. పైగా మెరుపు ముఖం ఎదుట కనీసం అంగుళం ఖాళీ లేకపోతే, రేకుకు అతుక్కుపోతే, రెండు కాలాల్లోనూ దండగే. మెరుపు కిందికి ఉండేలా కొట్టండి. పైకి పెడితే దుమ్ము పట్టి ఏడాదిలో మెరుపు పోతుంది.

బొట్లు రావడానికి కారణం: మబ్బు లేని రాత్రి రేకు ఆకాశం వైపు వేడి వదిలి, బయటి గాలికన్నా చల్లబడుతుంది. మీ ఊపిరిలోని తేమ దానికి తగిలి నీరవుతుంది. గది గాలి రేకును తాకకుండా కింద అతుకులు మూసిన సీలింగ్ ఉంటేనే అది తగ్గుతుంది. సిమెంటు రేకులైతే ఒక మాట: చాలావాటిలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, డ్రిల్లు పెట్టకండి, కోయకండి. రేకును ముట్టుకోకుండా కింది గోడలకు ఆనించి చట్రం కట్టుకోండి.

సుత్తి_శానం | నవంబర్ 30, ఉదయం 11:30

దర్వాజ, కిటికీల పని.

రబ్బరు బీడింగ్ కొనే ముందు దర్వాజ వాలిందేమో చూడండి. పై కబ్జా స్క్రూలు వదులైతే రెక్క కింద గీసుకుంటుంది, పైన తెరుచుకుంటుంది. పాత రంధ్రంలో వెదురు పుల్ల జిగురుతో కొట్టి, అంగుళంన్నర స్క్రూ బిగించండి. చాలాసార్లు సగం సందు దీంతోనే పోతుంది.

మిగిలిన సందును దళసరి కాగితం మడతలతో కొలవండి. 2, 3 మిల్లీమీటర్లకు ఇంగ్లీషు E అక్షరం ఆకారం రబ్బరు, 3 నుంచి 5కి P ఆకారం, అంతకంటే కాస్త ఎక్కువైతే D ఆకారం. ఇవి ఈపీడీఎం (త్వరగా అణిగిపోని గట్టి రకం) రబ్బరు అయి ఉండాలి. స్పాంజి టేపు ఒక్క చలికాలానికే అణిగిపోతుంది. పాత దర్వాజకు నూనె, వార్నిషు పట్టి ఉంటాయి, వెనక జిగురు పట్టదు. గరుకు కాగితంతో రుద్ది, థిన్నర్‌తో తుడిచి, ఆరాక అంటించి, జానెడుకొక చిన్న మేకు కొట్టండి. రెక్క వచ్చి ఆనే కమ్మీ మీద అంటించాలి, జారే వైపు అంటిస్తే వారంలో ఊడుతుంది.

దర్వాజ కింద వేలు మందం సందుకు అల్యూమినియం పట్టీకి రబ్బరు ఉన్న డోర్ సీల్. లోపలివైపు, గడపను రబ్బరు ఒక్క పిసరు తాకేలా. గట్టిగా నొక్కేలా పెడితే చిరుగుతుంది. బండ ఎగుడుదిగుడుగా ఉంటే పట్టీ పనిచేయదు. మందపాటి గుడ్డను 3 అంగుళాల గొట్టంలా కుట్టి ఇసుక నింపి రాత్రి గడపకు ఆనించి పెట్టండి. దీన్ని మించింది బజార్లో లేదు.

రెండు రెక్కలు కలిసే చోట ఒక రెక్కకు అంగుళం వెడల్పు చెక్కపట్టీ, రెండో రెక్క మీదికి వచ్చేలా.

కిటికీకి చెక్క రెక్కలు అలాగే ఉంచి, లోపలివైపు ఒక తొడుగు చట్రం చేయండి. 1×1 కర్రలతో చట్రం, దానికి 200 మైక్రాన్ల పారదర్శక ప్లాస్టిక్ బిర్రుగా లాగి స్టేపుల్స్, చుట్టూ రబ్బరు. మడత గొళ్ళాలు నాలుగు పెడితే పగలు తీసి పక్కన పెట్టొచ్చు.

కాలువగట్టు | నవంబర్ 30, మధ్యాహ్నం 12:40

దక్షిణం కిటికీ పగలు తీయాలంటారా? చలికాలం అంతా మూసి ఉంచితేనే మంచిది కదా. సజ్జ ఉంటే ఎండ ఎలాగూ రాదు.

లెక్కల_పలక | నవంబర్ 30, మధ్యాహ్నం 1:25

వస్తుంది. ఆ ప్రాంతం 19.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర. డిసెంబర్ 21న మిట్టమధ్యాహ్నం సూర్యుడి ఎత్తు 90 లోంచి 19.5, 23.4 తీసేస్తే 47 డిగ్రీలు. 2 అడుగుల సజ్జ నీడ గోడ మీద రెండడుగులకు కాస్త పైనే దిగుతుంది. 4 అడుగుల కిటికీలో కింది సగానికి ఎండ పడుతుంది. జూన్‌లో సూర్యుడు నెత్తిమీదికి, కొంచెం ఉత్తరానికి జరుగుతాడు, అదే కిటికీకి చుక్క ఎండ రాదు. దక్షిణం కిటికీ అంత మంచిది ఇంకోటి లేదు. 10 నుంచి 3:30 దాకా చెక్క రెక్కలు తీసి, ప్లాస్టిక్ చట్రం ఉంచండి. ఎండ లోపలికి వస్తుంది, గాలి రాదు. ఎండ పడే బండ మీద చాప తీసేయండి, బండ వేడి తాగాలి. 3:30కి చెక్క రెక్కలు మూసి, దళసరి పర్దా దింపండి. పర్దా కడ్డీ గోడకు దగ్గరగా, అంచులు గోడను తాకుతూ, కింద కిటికీ దాటి అరడుగు దిగాలి. పైన ఖాళీ వదిలితే చల్లగాలి పర్దా వెనక జారి కాళ్ళ మీదికే వస్తుంది.

నులక | నవంబర్ 30, సాయంత్రం 5:05

అందరూ కప్పు గురించే చెప్తున్నరు, మంచం సంగతి మరిచిన్రు. నులక మంచం, నవారు మంచం అంటే కింద అంతా గాలే. పైన మూడు రగ్గులు కప్పినా వీపు కింద చలి అట్లనే ఉంటది. పైన ఒకటి తీసి కింద వేయాలె. నులక మీద గోనెపట్టా, దాని మీద బొంత, ఆపైన చద్దరు. ఇనుప మంచానికీ ఇదే లెక్క. పరుపు పల్చగుంటే కింద 12 మిల్లీమీటర్ల ఈవీఏ ఫోమ్ మ్యాట్ (రబ్బరు లాంటి మెత్తటి చాప) పరుచుకోవచ్చు. మంచం బయటి గోడకు జానెడు దూరం జరపాలె. బండ మీద నడిచే దారికి జంపఖానా.

ఇంగ్లండు_తెలుగు | నవంబర్ 30, రాత్రి 11:50

ఇక్కడి పాత ఇటుక ఇళ్ళలోనూ వరస ఇదే: ముందు అటక, తర్వాత సందులు, గోడలు చివర. అటకలో 270 మిల్లీమీటర్ల గాజు ఉన్ని (గ్లాస్ వూల్) పరచడం ఇక్కడ మామూలు. మీ చలికి 50 చాలు.

ఒక హెచ్చరిక. అన్నీ బిగించేశాక వచ్చే రెండో జబ్బు చెమ్మ. పడుకున్న మనిషి గంటకు సుమారు 40 గ్రాముల తేమ వదులుతాడు. నలుగురు, 8 గంటలు, లీటరుంబావు నీళ్ళు. అది పోయే దారి లేకపోతే చల్లటి మూలన, ఇనుప బీరువా వెనక నల్ల బూజు అవుతుంది. బీరువాను బయటి గోడకు ఆనించవద్దు. తడి బట్టలు ఆ గదిలో ఆరేయవద్దు. సీలింగ్ కింద, గోడలో వెంటిలేటర్ ఉంటే పూర్తిగా పూడ్చకుండా మడత మూత పెట్టి, రాత్రి బెత్తెడు తెరిచే ఉంచండి. లెక్కల పలక గారి 1.5 కంటే కిందికి పోవాలని చూడకండి, అది నలుగురి ఊపిరికి కావలసిన గాలి.

మేస్త్రీ_గారి_తాపీ | డిసెంబర్ 1, ఉదయం 8:10

గోడలకు లోపల సిమెంటు ప్లాస్టరింగ్ చేసి పుట్టీ కొడితే చలి ఆగదా? నున్నగా కూడా ఉంటుంది.

మొగరం | డిసెంబర్ 1, ఉదయం 8:45

ఆగదు, ఎక్కువవుతుంది. మట్టిగోడ పునాది నుంచి చెమ్మ పీల్చి ముఖం మీద వదులుతుంది. సిమెంటు ఆ ముఖం మూసేస్తే చెమ్మ లోపలే నిలుస్తుంది, తడిగోడలోంచి వేడి ఇంకా త్వరగా పోతుంది. నాలుగేళ్ళకు ప్లాస్టరు బోలుగా మోగుతూ, వెనక మట్టితో సహా పలకలుగా ఊడుతుంది. పగుళ్ళకు మట్టిగడ్డి ముద్ద, పైన 1 పాలు సున్నం 3 పాళ్ళు ఇసుకతో పూత, ఆపైన సున్నం. గోడకు థర్మాకోల్ కొట్టొద్దన్నదీ ఇందుకే. దాని వెనక చెమ్మ, చెదలు కంటికి కనబడకుండా పెరుగుతాయి, పైగా పగలు వేడి తాగి రాత్రి వదిలే గోడ గదికి దూరమైపోతుంది. బయట గోడ అడుగున వాన చినుకు కొట్టి తిన్న చోట అరుగు సరిచేసి, నీళ్ళు బయటికి పారేలా వాలు ఇవ్వండి.

జొన్నచేను | డిసెంబర్ 1, మధ్యాహ్నం 3:30

ఇంత ఖర్చెందుకు, పడుకునే ముందు కుంపటి పెట్టుకుని తలుపేసుకుంటే సరి.

పవర్_కట్ | డిసెంబర్ 1, మధ్యాహ్నం 3:41

దయచేసి ఈ సలహా ఎవరూ పాటించకండి. బొగ్గు నిప్పు పొగ రాకపోయినా కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు వదులుతుంది. రంగు లేదు, వాసన లేదు, నిద్రలో ఉన్నవాళ్ళకు లేచే అవకాశమే ఇవ్వదు. నివురు కప్పిన కుంపటి మరీ ప్రమాదం, గాలి చాలక కాలే నిప్పులోనే అది ఎక్కువ పుడుతుంది. గూన సందుల్లోంచి గాలి పోయే ఇంట్లో ఇన్నాళ్ళూ ఏమీ కాలేదని, సీలింగ్ వేసి రబ్బర్లు బిగించిన గదిలో అదే పని చేయకూడదు. కిటికీ కొంచెం తెరిచామన్నదీ భరోసా కాదు. గొట్టం లేని గ్యాసు హీటరుకూ ఇదే మాట. కట్టెల పొయ్యి అదే గదిలో ఉంటే పైన చెప్పిన మూసే పనులేవీ చేయకండి. ముందు పొయ్యిని బయటి వసారాలోకి మార్చాలి.

నులక | డిసెంబర్ 1, సాయంత్రం 4:02

నిజం. కుంపటి వాకిట్ల కాగేటందుకే.

చలి_సిర్పూర్ | డిసెంబర్ 2, రాత్రి 9:00

అందరికీ దండాలు. పొయ్యి వేరే వసారాలనే ఉంది. ఏది ముందు, ఏది వెనక? వడ్రంగి వచ్చే ఆదివారం వస్తనన్నడు. 20 వేలు దాటేటట్టు కనబడితే ఏది తగ్గించుకోవాలె?

సుత్తి_శానం | డిసెంబర్ 2, రాత్రి 9:40

దర్వాజ, కిటికీ పని ఆదివారం దాకా ఆగక్కర్లేదు, రేపే ఇసుక గొట్టం కుట్టించండి. వైరింగ్ చట్రం కంటే ముందు. చట్రం, తర్వాత ప్లైవుడ్ రెండు షీట్లు, వాటి మీద పైనుంచి థర్మాకోల్ పరచడం, మళ్ళీ తర్వాతి షీటు. ప్లైవుడ్ అంతా కొట్టేశాక పైకి ఎక్కి పరచడానికి చోటు ఉండదు. చివరి పట్టీకి థర్మాకోల్ ముక్కలు కర్రల మీద ముందే పెట్టి, కింద మూయాలి.

డబ్బు చాలకపోతే ప్లైవుడ్ తగ్గించండి, థర్మాకోల్ కాదు. ప్లైవుడ్ బదులు కర్రల కింద మందపాటి కాన్వాసు గుడ్డ బిర్రుగా లాగి, సున్నం రెండు పూతలు వేస్తే గాలి దాదాపు ఆగుతుంది. ఒట్టి థర్మాకోల్ మాత్రం గదిలోకి కనబడేలా వదలకండి. నిప్పురవ్వ పడితే కరిగి మండుతూ కారుతుంది.

మొగరం | డిసెంబర్ 2, రాత్రి 10:10

వడ్రంగి కంటే ముందు గూన సర్దేవాళ్ళను పిలవండి. చుక్కలు కనబడుతున్నాయంటే పగిలినవి, జారినవి ఉన్నాయి, వానాకాలం అవే కారతాయి. సీలింగ్ వేశాక గూన సర్దితే పై నుంచి పడే పెంకు ముక్కలు, మట్టి, పాత పిట్టగూళ్ళు అన్నీ థర్మాకోల్ మీదే. కారుతున్నా కింద నుంచి కనబడదు, ప్లైవుడ్ ఉబ్బినప్పుడే తెలుస్తుంది. ఒక మూల 2×2 అడుగుల మూత వదిలి పెట్టండి, మిగిలిన 2×4 ముక్క దానికి సరిపోతుంది. దాని మీద కూడా రెండు పొరల థర్మాకోల్ అంటించి, చుట్టూ రబ్బరు వేయాలి. ప్రతి వానాకాలం మొదట్లో ఆ మూత తీసి టార్చి వేసి చూసుకోండి: తడి మరకలు, చెదల మట్టిదారులు, ఎలుక పెంట.

చలి_సిర్పూర్ | డిసెంబర్ 2, రాత్రి 10:25

గూన సర్దేటోళ్ళు గురువారం వస్తమన్నరు. 300 గూన అటు ఇటు కావాలంటున్నరు, పాత గూనే తెమ్మంటున్నరు.

మొగరం | డిసెంబర్ 2, రాత్రి 10:31

పాతదే తీసుకోండి. కొత్త గూన కొలత కలవదు. ఒక్కోదాన్ని వేలితో కొట్టి చూడండి, ఖంగుమంటే ఉంచుకోండి, డొల్లగా మోగితే పక్కన పెట్టండి.